పెళ్లికూతురి వెంట వెళ్లే మనిషి

మంచం మీద ఆకుపచ్చ పట్టుచీర మడత చెదరకుండా ఉంది. దాని మీద వెండి పాన్‌దాన్. రెండూ నిన్న మధ్యాహ్నం మహబూబున్నీసా తన చేతులతో నర్గీస్‌కి ఇచ్చినవే. తెల్లారేసరికి తిరిగొచ్చి ఆమె మంచమెక్కాయి.

"పెద్దమ్మీ, ఇవి నాకొద్దు. మెహక్ వెంట దువ్వాడ నాను ఎల్లను," అని చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని నర్గీస్ డ్యూటీకి వెళ్లిపోయింది. గోపాలపట్నంలో రక్తపరీక్షలు చేసే సెంటర్లో ఉద్యోగం ఆ పిల్లకి. బస్సు టైముకి వెళ్లాలి కాబట్టి జవాబు కోసం ఆగలేదు.

కోపంగా అని ఉంటే మహబూబున్నీసాకి ఇంత బాధ ఉండేది కాదు. కోపంగా మాట్లాడేవాళ్లని ఎలా దారికి తెచ్చుకోవాలో ఆమెకు బాగా తెలుసు. ముందు తిడుతుంది, తర్వాత కాస్త ఏడుస్తుంది, చివర్లో టీ పెట్టించి ఇస్తుంది. ఇన్నేళ్లలో ఆ వైద్యం పని చెయ్యని మనిషి ఇంట్లో లేరు. కానీ నర్గీస్ మామూలుగా చెప్పింది, సెంటర్లో ఎవరికో రిపోర్టు రేపు వస్తుందని చెప్పినట్టు. దానికి మందేమిటో ఆమెకు తోచలేదు.

నిఖా ఆదివారం, దువ్వాడ సంబంధం. కూతురు మెహక్‌కి పసుపు బట్టలు కట్టి మాంజాలో కూర్చోబెట్టారు. పెళ్లి దాకా ఆ గది దాటి రాకూడదు. వంటవాళ్లకి బయానా ఇచ్చేశారు, షామియానా కర్రలు గుమ్మం ముందు దింపేశారు. ఇంత జరిగాక పెళ్లికూతురి వెంట వెళ్లే మనిషి వెళ్లనంటే, ఇక పరువనేది ఎక్కడుంటుంది?

పెద్దకొడుకు ఆరిఫ్‌ని పిలిచింది. ఆరిఫ్ ఓడల్లో ఇంజనీరుగా దేశాలు తిరిగినవాడు. అమెరికాలో సవానా అనే రేవు ఊళ్లో నయీమాని చూసి, నిఖా చేసుకుని, ఓడ ఉద్యోగం మానేసి ఆమెను తీసుకుని సొంత ఊరికి వచ్చేశాడు. ఇప్పుడు హార్బర్ దగ్గర షిప్పింగ్ ఆఫీసులో చేస్తున్నాడు. నల్లటి పిల్ల కోడలిగా వచ్చిందని వాళ్లుండే పాత ఊళ్లో చుట్టాలు గుసగుసలాడుకున్నప్పుడు వాళ్ల నోళ్లు మూయించింది మహబూబున్నీసాయే. నమాజు తప్పదు, పెద్దల్ని గౌరవిస్తుంది, ఇంకేం కావాలి మీకు అని నలుగురిలో అడిగింది. ఇవాళ మాత్రం ఆ కోడలి మీదే ఆమె కన్ను పడింది.

"నీ పెళ్లామే నేర్పింది," అంది కొడుకుతో.

"నయీమా ఏటి నేర్పుతాది అమ్మీ. నర్గీస్‌కి నోరు లేదా?"

"ఇన్నాళ్లూ లేదు. మీ ఆవిడ వచ్చాకే వచ్చింది."

ఆరిఫ్ బూట్లు వేసుకున్నాడు. ఓడలో ఇంజను చెడితే పరిగెత్తేవాడు, ఇంట్లో మాట చెడితే ఆఫీసుకి పరిగెత్తుతాడు. పెళ్లయ్యాక చూద్దాంలే అని గుమ్మం దగ్గర గొణిగి వెళ్లిపోయాడు. పెళ్లయ్యాక చూడ్డానికి ఏముంటుందో అతనికే తెలియాలి.

ఆ ఇంట్లో పద్ధతి పాతది. ఆడపిల్ల అత్తారింటికి వెళ్తే, పెరటి గదుల్లో ఉండే ఇంటి మనుషుల్లోంచి ఒకామె ఆకుపచ్చ చీర కట్టుకుని, పాన్‌దాన్ పట్టుకుని వెంట వెళ్లాలి. పెళ్లి తర్వాత ఐదు శుక్రవారాలు కొత్తజంటని పిలిచి పుట్టింటివాళ్లు విందు పెడతారు, వాటిని జుమాగీలంటారు. ఐదో జుమాగీ అయ్యేదాకా ఆమె పెళ్లికూతురి దగ్గరే ఉండాలి. తల దువ్వాలి, తమలపాకులు చుట్టివ్వాలి, రాత్రి గుమ్మం బయట పక్కేసుకోవాలి. అత్తగారి మాటలో తేడా ఉంటే పుట్టింటికి కబురు చేర్చాలి. తర్వాత తిరిగొచ్చెయ్యాలి.

తిరిగి రావడమన్నది తర్వాత వచ్చిన పద్ధతి. ముత్తాతల కాలంలో వెళ్లిన మనిషి రాగి బిందెలూ పరుపులూ మంచాలూ వెళ్లినట్టే వెళ్లి అక్కడే ఉండిపోయేది. ఎప్పటిదో పెద్ద కరువులో భీమిలి రేవు దగ్గర గింజలిచ్చి కొన్న పిల్లల సంతానం వాళ్లు. అప్పట్లో వాళ్లని బాందీలనేవారు. బానిసలని దానర్థం. ఆ మాట ఇప్పుడెవరూ అనరు. మహబూబున్నీసా అయితే వినడానికి కూడా ఒప్పుకోదు. మా ఇంటి మనుషులు, అంటుంది. తాను మంచిదాన్నని ఆమెకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఉత్తది కూడా కాదు. నర్గీస్‌ని బళ్లో వేసింది ఆమె, కాలేజీలో చేర్పించింది ఆమె, ఆ పిల్లకి టైఫాయిడ్ వస్తే పక్కన కూర్చుని తల తడిపింది కూడా ఆమే.

నర్గీస్ దాదీ పేరు మదార్‌బీ. మహబూబున్నీసా భీమిలి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వెంట వచ్చిన మనిషి. ఇక్కడే ఈ ఇంటివాళ్ల కొట్టులో తాళ్ల చుట్టలు మోసే మస్తాన్‌ని చేసుకుంది, కొడుకుని కంది, కొడుకూ కోడలూ పోయాక మనవరాల్ని పెంచింది. ఆ ఇంట్లో పొద్దున్న పొయ్యి వెలిగించేది ఆమే, ఆర్పేది ఆమే. కాదు అన్న మాట ఆమె నోట ఎవరూ విన్నది లేదు.

మధ్యాహ్నం నయీమా కాలేజీ నుంచి వచ్చింది. ఓడల్లో చేరబోయే కుర్రాళ్లకి ఇంగ్లీషు పాఠాలు చెప్తుంది. తెలుగు మాత్రం వంటింట్లో మదార్‌బీ దగ్గర నేర్చుకుంది. అందుకని అమెరికా పిల్ల నోట అచ్చం మన పాత ఊరి మాటే వస్తుంది. ఆరిఫ్ స్నేహితులు దానికి పడీపడీ నవ్వుతారు. మహబూబున్నీసాకి కూడా నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు.

దండెం మీద బట్టలు దులిపి తెస్తున్న కోడల్ని ఆపింది. హార్బర్ వైపు గాలికి తెల్లబట్టల మీద సన్నటి బొగ్గునుసి పడుతుంది, దులపకపోతే చారలు కడతాయి.

"నర్గీస్‌కి ఏటి సెప్పావు నువ్వు?"

నయీమా బట్టలు కుర్చీ మీద పెట్టింది. "నానేటీ సెప్పలేదత్తా. నా ఇంటిపేరు ఎక్కడిదని అడిగింది. అది సెప్పాను."

"ఏటి సెప్పావో నాకూ సెప్పు."

నయీమా నిలబడే చెప్పింది. మాట దొరకని చోట ఇంగ్లీషులో అంది, లోపలి గదిలోంచి మెహక్ దాన్ని తెలుగు చేసింది. ఆమె ఇంటిపేరు హాల్‌బ్రూక్. అది వాళ్ల తాతలది కాదు, వాళ్లని కొన్న దొరలది. వాళ్ల అమ్మమ్మకి ముత్తవ్వ ఒకామె ఉండేది, డైనా అని. హాల్‌బ్రూకుల అమ్మాయికి పెళ్లైనప్పుడు, వరిపొలాల్లో తల్లి దగ్గరున్న డైనాని ఆ అమ్మాయికి కానుకగా ఇచ్చి సవానా పంపారు. డైనాకి అప్పుడు గౌను తొడుక్కోవడం కూడా సరిగా రాదు. పెళ్లికూతురి జుట్టు దువ్వడం ఆమె పని, రాత్రి గది గుమ్మం బయట పడుకోవడం ఆమె పని. తల్లిని మళ్లీ చూడలేదు.

ఎలాగైనా ఒక తేడా దొరకాలన్నట్టు మహబూబున్నీసా, "అది మీ దేశం. గొలుసులేసి కొట్టారంట, సినిమాల్లో సూశాను. ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఒక దెబ్బ కొట్టలేదు," అంది.

"మా అమ్మమ్మనీ ఎవరూ కొట్టలేదత్తా."

ఇది నయీమా మెల్లిగా చెప్పింది. అమ్మమ్మ పుట్టేనాటికి బానిసత్వం పోయి చాలా కాలమైంది. చట్టం విడిచిపెట్టింది, కానీ చేతిలో పొలమూ పెట్టలేదు, చదువూ పెట్టలేదు. అందుకని ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉండిపోయారు. అమ్మమ్మ బతికినంత కాలం అదే హాల్‌బ్రూకుల సంతానం ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేసింది. వెనక గుమ్మంలోంచి వెళ్లేది, వెనక గుమ్మంలోంచే వచ్చేది. ఆమె పోయినప్పుడు ఆ ఇంటి తెల్లావిడ వచ్చి ముందు వరసలో కూర్చుని ఏడ్చింది, మా ఇంటి మనిషి పోయిందని.

"దొంగ ఏడుపు కాదత్తా. నిజంగానే ఏడిసింది. కానీ ఆళ్లింట్లో మా అమ్మమ్మ ఒక్క రోజు కుర్సీలో కూకోలేదు."

మహబూబున్నీసా చూపు తనకు తెలియకుండానే వంటింటి వైపు పోయింది. అక్కడ మదార్‌బీ నేల మీద కూర్చుని, పెళ్లి కోసం వక్కలు కత్తిరిస్తోంది. ఆమె పళ్లెం, గ్లాసు కిటికీలో వేరుగా బోర్లించి ఉన్నాయి. ఎప్పుడూ అక్కడే ఉంటాయి.

పాత కథలన్నీ తవ్వితే ఎవరింట్లో ఏం లేవు, అంది మహబూబున్నీసా. అయిపోయిందేదో అయిపోయింది కదా.

మా దేశంలోనూ అలాగే అంటారని నయీమా చెప్పింది. అయిపోయింది కదా అంటారు. హాల్‌బ్రూకుల పాత బంగళాని ఇప్పుడు పెళ్లిళ్లకి అద్దెకిస్తున్నారట. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఆ చెట్ల కింద ఫోటోలు దిగుతారు. అప్పట్లో బానిసలు పడుకున్న వంటింటి పక్క గదికి కొత్తగా సున్నం వేసి అతిథులకిస్తారు. అక్కడ తెల్ల చొక్కా వేసుకుని పళ్లేలు అందించేది నయీమా మేనమామ కొడుకు. వాళ్లమ్మ బడిపంతులమ్మ. మంచి వీధిలో ఇల్లు కొందామని వెళ్తే అమ్ముడైపోయిందన్నారు, మర్నాడు తెల్ల స్నేహితురాలు వెళ్తే రండి చూడండి అన్నారు.

"మా అక్క పురుడప్పుడు ఊపిరి అందతం లేదని సెప్పింది. నర్సు నమ్మలేదు. మీవోళ్లు నొప్పి ఎక్కువ సేసి సెప్తారు అంది. అక్క బతికింది. బిడ్డ లేదు."

ఏడాదిగా ఒకే కప్పు కింద ఉన్న కోడలికి ఇంత దుఃఖం ఉందని మహబూబున్నీసాకి తెలియదు. నిజంగా జాలేసింది. లేచి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఆ క్షణంలో నయీమా ఏమడిగినా ఇచ్చేసేదే. కానీ నయీమా అడగలేదు. జాలి కాస్త తగ్గగానే మహబూబున్నీసాకి మళ్లీ ఆదివారం గుర్తొచ్చింది.

"నర్గీస్ ఏటి, బానిసా? సదువుకుంది, ఉద్దోగం సేత్తంది," అంది.

"కాదు కదత్తా. మరి ఆ సీర ఎందుకు?"

సాయంత్రం నర్గీస్ వచ్చేసరికి పంచాయితీ మెహక్ గదిలో పెట్టారు, పెళ్లికూతురు బయటికి రాకూడదు కాబట్టి. మెహక్ పసుపు బట్టల్లో మంచం మీద, నయీమా కిటికీ దగ్గర, ఆరిఫ్ సగం గదిలో సగం వరండాలో. మహబూబున్నీసా కుర్చీలో కూర్చుంది. నర్గీస్ నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు కూడా.

లీవు దొరకలేదా అని అడిగింది మహబూబున్నీసా. దొరికిందని చెప్పింది నర్గీస్. ఒంట్లో బాగోలేదా? బాగానే ఉంది. మరి దువ్వాడ వాళ్లు ఏమన్నా అన్నారా?

"ఆళ్లు అన్నది ఆళ్ల తప్పు కాదు పెద్దమ్మీ. మీరన్నది విన్నాను."

నిన్న సాయంత్రం ఫోను వచ్చింది. పెళ్లికొడుకు యాసిన్ వాళ్లమ్మ చేసింది. వాళ్లాయన జలీల్ స్టీలు ప్లాంటులో చేసి రిటైరైనవాడు. వాళ్ల కుటుంబంలో ఇలాంటి పద్ధతులు లేవు, అందుకని ఆవిడ తెలియక, మర్యాదగానే అడిగింది. మీరు పంపే మనిషికి వంటగది పక్కన చాప వేయిస్తాం, మా పనిమనిషితోపాటు తింటుంది కదా, ఇబ్బంది లేదు కదా అని. మహబూబున్నీసా ఫోను స్పీకర్లో పెట్టి, ఎంతో కలుపుగోలుగా, "ఏం ఇబ్బంది లేదు వొదినా, అలవాటే," అంది. నర్గీస్ పక్కనే కూర్చుని మెహక్ దుపట్టాకి జరీ అంచు కుడుతోంది.

అలా అన్నప్పుడు మహబూబున్నీసా మనసులో ఏ చెడూ లేదు. వియ్యపురాలికి శ్రమ ఇవ్వకూడదని మాత్రమే అనుకుంది. చెడు లేకుండా అనగలగడమే అసలు చెడని ఆమెకు చెప్పేవాళ్లు ఇంతకాలం ఎవరూ లేకపోయారు.

"నాకు అలవాటు లేదు పెద్దమ్మీ," అంది నర్గీస్. "మా దాదీకి ఉంది. నాకు అవకూడదు."

"ఐదు శుక్రవారాలే కదే."

"మెహక్ నా నేస్తం. తోడు రమ్మంటే వత్తాను. నా బట్టలేసుకుని వత్తాను, ఆళ్లతో కూకుని తింటాను. ఇంటి మనిషిలాగ రాను."

"నేస్తాన్ని ఎంట పంపే ఆచారం మనకి లేదు."

"ఉన్న ఆచారం నాకొద్దని సెప్తన్నాను."

ఆరిఫ్ గొంతు సవరించుకుని, పూర్ణా మార్కెట్ వైపు ఎవరినైనా ఒక ఆవిడని కుదుర్చుకుందామన్నాడు. తల్లి అతని వైపు చూసిన చూపుకి మళ్లీ వరండాలోకి వెళ్లిపోయాడు.

నర్గీస్ మెహక్ వైపు తిరిగింది. ఇద్దరూ ఒకే బళ్లో చదివారు, ఒకే రోజు చెవులు కుట్టించుకున్నారు. "నువ్వు సెప్పు మెహక్. నానెలాగ రావాలి?"

మెహక్‌కి కొత్త ఇంటికి ఒంటరిగా వెళ్లాలంటే భయం. నర్గీస్ పక్కనుంటే ఆ భయం ఉండదు. చీర కట్టుకుని వచ్చినా, కట్టుకోకుండా వచ్చినా నర్గీస్ నర్గీసే. ఆమె ఆ మాట అంటే సరిపోయేది. కానీ తల్లి ఎదురుగా ఉంది. మెహక్ చేతికంటిన పసుపుని గోటితో గీకుతూ కూర్చుంది.

నర్గీస్ చాలాసేపు చూసింది. ఆ చూపు పక్కకి తిప్పుకున్నప్పుడు ఆ గదిలో ఏదో ఒకటి తెగిపోయిందని అందరికీ తెలిసింది.

అది మహబూబున్నీసా భరించలేకపోయింది. భరించలేనప్పుడు ఆమె నోటికి అదుపు ఉండదు. "ఎవరి తిండి తిని ఇంతదానివయ్యావే నువ్వు?" అంది.

అన్న వెంటనే నాలుక కరుచుకుంది. తనకే సిగ్గేసింది. కానీ అనేసింది.

"మా దాదీ వండిన తిండి," అంది నర్గీస్, అదే మామూలు గొంతుతో. గదిలోంచి వెళ్లిపోయింది. నయీమా ఆమె వెనకే వెళ్లింది.

ఆ రాత్రి అన్నం ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చూసేవాళ్లు లేకపోయారు.

మర్నాడు మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక మహబూబున్నీసా ఒక నిర్ణయానికొచ్చింది. చిన్నదానితో వాదనెందుకు, పెద్దది ఉంది కదా. మదార్‌బీయే మెహక్‌తో వెళ్తుంది. మెహక్‌ని ఎత్తుకుని పెంచిన మనిషి. వయసైపోయింది నిజమే, కానీ అక్కడ పెద్ద పనేం ఉంటుంది? ఆచారం నిలబడుతుంది, నర్గీస్‌ని నొప్పించినట్టూ ఉండదు. ఇంత సులువైన దారి నిన్ననే ఎందుకు తట్టలేదా అనుకుంది. మనసు తేలికపడింది.

పిలిపించవచ్చు. కానీ నిన్నటి మాట ఇంకా నోట్లో చేదుగా ఉంది. అందుకని తానే పెరటి గదికి వెళ్లింది. మస్తాన్ పోయిన రోజు తర్వాత ఆ గుమ్మం తొక్కడం ఇదే. వంటింటి తలుపు నుంచి ఆ గదికి దూరం ఎంతో లేదు, మల్లె మొక్క కుండీ ఒకటి, నీళ్ల డ్రమ్ము ఒకటి దాటితే చాలు.

వక్కలు కత్తిరిస్తున్న మదార్‌బీ గబగబా లేచి, గదిలో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడిచి వేసింది. అది నర్గీస్ తన మొదటి జీతంతో దాదీ కోసం కొన్నదని మహబూబున్నీసాకి తెలియదు. కూర్చుంది. మదార్‌బీ ఎదురుగా నేల మీద కూర్చుంది.

నర్గీస్ డ్యూటీలో ఉంది. ఆ సంగతి కూడా చూసుకునే వచ్చింది మహబూబున్నీసా.

విషయం చెప్పింది. పిల్ల పంతం పట్టింది, పరువు సమస్య, నువ్వు ఒక్కసారి దువ్వాడ వెళ్లి ఉంటే చాలు, మెహక్‌కి కూడా ధైర్యంగా ఉంటుంది అంది. మదార్‌బీ అంతా విన్నది.

"ఎల్తాను బీబీ," అంది. "మెహక్ నా సేతుల్లో పెరిగింది. ఎల్లకుండా ఉంటానా?"

మహబూబున్నీసా గుండెల మీంచి బరువు దిగిపోయింది. చెయ్యి చాపి మదార్‌బీ మోకాలు తట్టింది. నువ్వుండబట్టే ఈ ఇల్లు ఇలా ఉంది అంది. ఆ మాట కూడా మనస్ఫూర్తిగానే అంది. లేవబోయింది.

"బీబీ, ఒక్క మాట."

"సెప్పు."

"ఈసారి తిరిగొచ్చే రోజు నాకు ముందే సెప్పెయ్యండి."

మహబూబున్నీసాకి నవ్వొచ్చింది. "ఐదో జుమాగీ అవగానే వచ్చెయ్యడమే. నీకు తెలీనిదేటి?"

"తెలుసు బీబీ. మీతో వచ్చినప్పుడూ అదే సెప్పారు."

మదార్‌బీ మొహంలో నిష్ఠూరమేమీ లేదు. గుర్తున్నది చెప్తోంది, అంతే.

"ఐదో జుమాగీ నాడు మూట కట్టుకుని గుమ్మంకాడ కూకున్నాను. మా అమ్మ భీమిలిలో బస్సుకాడికి వత్తానంది. మీరు ఏడిశారు, దీన్ని ఎల్లనీకండి అని. సిన్నపిల్ల ఏడుత్తంది, వచ్చే శుక్రవారం పంపుదాంలే అన్నారు మీ అత్తగారు. మూట ఇప్పేశాను. ఆ శుక్రవారం ఎవరూ ఏటీ సెప్పలేదు. ఆ పై శుక్రవారమూ సెప్పలేదు."

"అడగలేదేటి నువ్వు?" అంది మహబూబున్నీసా.

"అడగొచ్చని నాకు తెలీదు బీబీ."

అడకత్తెరలో ఇరుక్కున్న వక్కముక్కని మదార్‌బీ వేలితో తీసింది. "అమ్మ సానా శుక్రవారాలు బస్సుకాడికి వచ్చేదంట. పోయాక ఎవరో సెప్పారు. ఇప్పుడు నాకు అక్కడెవరూ లేరు, అది కాదు. కానీ ఇక్కడ నర్గీస్ ఉంది. నా కోసం సూత్తాది. అందుకని, ఏ రోజో తెలిస్తే పిల్లకి సెప్పి ఎల్తాను."

మహబూబున్నీసా ఆ శుక్రవారాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూసింది. తన పెళ్లి తర్వాత ఐదో శుక్రవారం. పుట్టింటి నుంచి వచ్చిన ఖీరు గుర్తొచ్చింది. ఆయన తెచ్చిన గాజుల రంగు గుర్తొచ్చింది. అన్నయ్య బస్సెక్కుతుంటే తాను ఏడవడం కూడా గుర్తొచ్చింది. గుమ్మం దగ్గర మూట పెట్టుకుని కూర్చున్న మనిషి మాత్రం ఎంత వెతికినా గుర్తు రాలేదు. అప్పుడు మదార్‌బీకి ఎన్నేళ్లని ఆలోచించింది. తనకన్నా చిన్నదే అయ్యుండాలి. చిన్నపిల్ల ఏడుస్తోందని ఉంచేశారు. ఏడ్చింది ఒక్క తనేనా?

"అమ్మీ," వంటింటి తలుపు దగ్గర మెహక్ గొంతు వినిపించింది. మాంజాలో ఉన్న పిల్ల గది దాటి వచ్చేసింది, ఫోను చేత్తో మూసి పట్టుకుని. "దువ్వాడ నుంచి అత్తయ్యగారు. నా ఎంట వచ్చేది ఎవరో పేరు సెప్పమంతన్నారు. లైన్లోనే ఉన్నారు."

మహబూబున్నీసా చెయ్యి చాపి ఫోను అందుకుంది. అవతల వియ్యపురాలు సలాం చెప్పింది, సలాం తిరిగి చెప్పింది. తర్వాత చెప్పాల్సిన పేరు నాలుక దాకా వచ్చింది కానీ, ఎదురుగా నేల మీద కూర్చున్న మనిషి ఇంకా తిరిగొచ్చే రోజు చెప్తారని ఎదురుచూస్తోంది.